మైకక్క చెప్పిన సాక్ష్యం

ఆమెను మిల్లులో అందరూ మైకక్క అనేవాళ్ళు. ఎదురుగా నిలబడి "ఏమే, తిన్నావా?" అని మామూలుగా అడిగినా వీధి చివర పోయే మనిషి వెనక్కి తిరిగి చూసేవాడు. కావాలని అరిచేది కాదు పాపం. ఇరవై ఆరేళ్ళు మర మగ్గాల షెడ్డులో పనిచేసింది. మొదట ఎడమ చెవి పోయింది, ఆ తర్వాత కుడి చెవీ పోయింది. తన గొంతు ఎంత పైకి లేస్తోందో తనకే తెలీదు.

నేను ఆమెను మొదటిసారి చూసింది కోర్టులో. సాక్షులు చెప్పేది టైపు చేయడం నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళుగా అదే గది, అదే కుర్చీ. సాక్షి ఏదో చెబుతాడు, జడ్జిగారు దాన్ని కోర్టు భాషలోకి మార్చి నాకు చెబుతారు, నేను కొడతాను. మైకక్క సంగతుల్లో కొన్ని నా చేతుల మీదుగా పోయినవే. మిగతావి తర్వాత ఆమె ఇంట్లో కూర్చుని, ఆమె చెబుతుంటే విన్నాను. నాతోపాటు ఇరుగుపొరుగు కూడా విన్నారు.

ఆ షెడ్డులో నూటికి పైగా మగ్గాలుండేవట. అన్నిట్లోనూ దారాన్ని మోసుకుపోయే నాడెలు ఒకేసారి అటూ ఇటూ కొట్టుకుంటుంటే పక్కమనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు. అందుకని అక్కడ గొంతు వాడటం ఎవరూ పెట్టుకోరు. పెదాలు మాత్రం కదుపుతారు. "దారం తెగింది", "మెకానిక్‌ని పిలువు", "మేనేజరు వస్తున్నాడు, ఫోను దాచెయ్". ఈ చివర నుంచి ఆ చివరికి ఇలా మాటలు పోతూ వస్తూ ఉంటాయి, చప్పుడు లేకుండా. కొత్తగా చేరినవాళ్ళు ఏడాది తిరిగేలోపు నేర్చుకుంటారు. మైకక్క అందులో ఆరితేరింది. బస్సులో ముందు సీట్లో మొగుడూ పెళ్ళాలు గుసగుసగా పోట్లాడుకుంటుంటే, అద్దంలో వాళ్ళ పెదాలు చూసి ఆ పోట్లాట మొత్తం కూతురికి చెప్పేసేదట. అదీ ఆ గొంతుతో. కూతురు స్కూల్లో టీచరు. "అమ్మా, నీతో బస్సెక్కాలంటే నాకు భయం" అనేది.

మైకక్క మగ్గం పక్కనే కండెలు చుట్టే ఆవిడ కూర్చునేది. నాడెలో పెట్టే చిన్న చిన్న గొట్టాలకి నూలు చుట్టడం ఆవిడ పని. షెడ్డు మొత్తానికి ఆవిడ కండెల పిన్ని. వయసు మీద పడింది, మోకాళ్ళు అరిగిపోయాయి, లేవాలంటే మగ్గం పట్టీ పట్టుకుని మూడు విడతల్లో లేచేది. మైకక్కకీ ఆవిడకీ పదహారేళ్ళ స్నేహం. మధ్యాహ్నం ఒకరి గిన్నెలో ఒకరు చెయ్యి పెట్టుకునేంత చనువు.

షెడ్డుకి రెండు దార్లు. ముందు పెద్ద గేటు, వెనకవైపు సందులోకి తెరుచుకునే ఇనప తలుపు. ఉక్క భరించలేనప్పుడు జనం ఆ వెనక తలుపు దగ్గరికి పోయి ఒక్క నిమిషం గాలి పీల్చుకుని వచ్చేవాళ్ళు. అది మేనేజరుకి గిట్టేది కాదు. అతని గది షెడ్డు చివర, ఆరు మెట్ల ఎత్తున ఉండేది. మూడు వైపులా అద్దాలు. లోపలికి చప్పుడు రాకూడదు, బయటున్న ప్రతి ఒక్కరూ కనబడాలి. అలా కట్టించుకున్నాడు. అద్దంలోంచి తను కూడా కనబడతానని అతనికి తట్టినట్టు లేదు.

ఒకరోజు మధ్యాహ్నం మైకక్క తెగిన దారం ముడేస్తూ తలెత్తితే, మేనేజరు వాచ్‌మన్‌ని పిలిచి మాట్లాడుతున్నాడు. పక్కన అకౌంటెంటు కూర్చుని ఉన్నాడు. మేనేజరు ముఖం షెడ్డు వైపే ఉంది. "వెనక తలుపుకి తాళం వెయ్యి. నేను చెప్పేదాకా ఎవరడిగినా తియ్యకు" అన్నాడు, చెయ్యి తిప్పుతూ. ఆ తర్వాత టీ కప్పు నోటికి అడ్డం వచ్చింది. కప్పు దించి, "ఊపిరాడకపోతే చస్తారా ఏంటి?" అన్నాడు. వాచ్‌మన్ వెనక్కి తిరిగి మెట్లు దిగుతూ నవ్వాడు.

మైకక్క ఆ మాట పిన్నికి పెదాలతోనే చేరవేసింది. పిన్ని అటు చూసి, మేనేజరుని ఉద్దేశించి రెండు బూతులు పెదాలతోనే తిట్టింది. ఇద్దరూ పనిలో పడిపోయారు. ఆ రోజు లేచి మెట్లెక్కి పోయి తనెందుకు నిలదీయలేదా అని మైకక్క నాతో ఎన్నిసార్లు అందో లెక్కలేదు. "అందరిమీదా ఇంతెత్తున లేస్తానే! ఆ రోజు నా నోటికి ఏం రోగమొచ్చింది?" అనేది.

పదకొండు రోజులు గడిచాయి. ఆ రోజు పట్టపగలు ముందు గేటు పక్కనున్న మోటారులో నిప్పురవ్వ లేచింది. షెడ్డంతా దూది నుసే కదా, క్షణాల్లో అంటుకుంది. కరెంటు పోయింది. మైకక్కకి మంట కంటే ముందు తెలిసింది అదే. కాళ్ళ కింద నేల అదరడం ఆగిపోయింది. తలెత్తేసరికి పొగ. అందరూ వెనక తలుపు మీద పడ్డారు. తాళం.

తాళాల గుత్తి వాచ్‌మన్ దగ్గర ఉంది. అతను బయటే ఉన్నాడు. పొగ చూశాడు, అరుపులు విన్నాడు. గుత్తి చేత్తో పట్టుకుని ఎటు పరిగెత్తాడో తెలుసా? ఆఫీసు బిల్డింగుకి, తలుపు తియ్యమంటారా అని ఆ పూట అక్కడున్న మేనేజర్ని అడగడానికి. ఇది ఎవరో గిట్టనివాళ్ళు కల్పించింది కాదు, పోలీసులకి అతనే చెప్పుకున్నాడు. ఆ కాగితం కోర్టు ఫైల్లో నేనే చూశాను.

లోపల మెకానిక్ ఒకడు ఇనప కడ్డీతో కిటికీ ఊచలు పెకలించాడు. జనం ఒకరి తర్వాత ఒకరు దూకారు. మైకక్క పిన్ని చెయ్యి పట్టుకునే కిటికీ దాకా వచ్చింది. ఆ తోపులాటలో చెయ్యి జారిపోయింది. వెనక్కి తిరిగితే పొగ తప్ప ఏమీ కనబడలేదు.

"పిలిచే ఉంటుంది. నన్ను పేరు పెట్టి పిలిచే ఉంటుంది. అందరికీ వినబడి ఉంటుంది, నాకు తప్ప" అంది నాతో. ఎవరూ తగ్గించమనకుండా ఆమె గొంతు తగ్గడం నేను విన్నది ఆ ఒక్కసారే.

పిన్ని ఒక్కతే పోయింది. తక్కిన వాళ్ళంతా కాలిన చేతులతో, విరిగిన కాళ్ళతో బతికారు.

మర్నాడు ఆసుపత్రిలో పోలీసు రైటరు వచ్చి మంచం పక్కన స్టూలు వేసుకున్నాడు. మైకక్క జరిగింది చెప్పింది. "మేనేజరు అనడం నేను చూశాను" అంది. చూడటమేంటి, మాట అన్నాక వినడమే కదా అని ఆ మహానుభావుడు "విన్నాను" అని రాసుకున్నాడు. రాసింది చదివి వినిపించాడు కూడా. తల కాగితంలో పెట్టి చదివాడు. అతని పెదాలు కనబడితే కదా ఆమెకి తెలిసేది! సంతకం పెట్టమంటే పెట్టింది.

కేసులో మేనేజరు మొదటి ముద్దాయి, వాచ్‌మన్ రెండో ముద్దాయి. నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీశారని ఆరోపణ. తాళం నేను వెయ్యమనలేదు, వాచ్‌మన్ తన సుఖం కోసం వేసుకున్నాడని మేనేజరు. ఆయన వెయ్యమంటేనే వేశానని వాచ్‌మన్. తాళం సంగతి కాగితం మీద ఎక్కడా లేదు. అద్దాల గదిలో ఆ మాట వచ్చిందని చెప్పగలిగిన వాళ్ళు ఇద్దరే. ఒకరు అకౌంటెంటు, రెండోది మైకక్క.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మైకక్కకీ వాచ్‌మన్‌కీ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. ఒకసారి సాయంత్రం గేటు దగ్గర అందరిముందూ ఆమె సంచి బోర్లించాడు, బట్ట ముక్కలు దొంగిలిస్తోందని. సంచిలోంచి దువ్వెన, ఖాళీ గిన్నె, చెవి డాక్టరు రాసిచ్చిన చీటీ పడ్డాయి. అతను వాటిని కాలితో పక్కకి నెట్టి, "పో" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె గేటు దాటేటప్పుడు అతని వైపు కన్నెత్తి చూడలేదు. అలాంటి మనిషి సాక్ష్యం చెబితే లాభపడేది ఆ వాచ్‌మనే అని వీధిలో అందరూ ముక్కున వేలేసుకున్నారు.

సాక్ష్యానికి ముందురోజు వాచ్‌మన్ భార్య మైకక్క ఇంటికొచ్చింది.

"అక్కా, ఆయన చేసింది మనసులో పెట్టుకోకు. మేనేజరు అన్న మాట చెప్పు చాలు. ఈయన నవ్వాడని మాత్రం అనకు."

"నవ్వాడా లేదా?"

"నవ్వితే నవ్వాడు. పెద్దవాళ్ళు ఏదో అంటే కిందివాళ్ళు నవ్వరా? అది నేరమా?"

"నేరమో కాదో వాళ్ళు తేల్చుకుంటారు. నన్ను అడిగితే చెబుతా."

"అయితే నువ్వు మాకు సాయం చేస్తున్నట్టా, ముంచుతున్నట్టా?"

"నేను మీకోసం పోతున్నానని ఎవరు చెప్పారు నీకు?" అంది మైకక్క. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

మర్నాడు మొదట అకౌంటెంటు బోనెక్కాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, ఎవరి మనసూ నొప్పించని గొంతు. పోలీసుల సాక్షిగా వచ్చినవాడు, ఎక్కీ ఎక్కగానే ప్లేటు తిప్పేశాడు. ఆ రోజు తాళం ప్రస్తావనే రాలేదట, షెడ్డులో మాడిపోయిన బల్బుల గురించి మాట్లాడుకున్నారట. నూట ఇరవై బల్బులని లెక్క చెప్పాడు. ఏ వరసలో మాడాయో చెప్పాడు. అప్పుడు టైమెంతో నిమిషాలతో సహా చెప్పాడు. జడ్జిగారు నాకు చెప్పాల్సిన పనే లేకపోయింది, అతను మాట్లాడింది మాట్లాడినట్టు కొట్టుకుంటూ పోయాను. చెబితే ఇలా చెప్పాలి అని నాకే అనిపించింది, సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను.

తర్వాత మైకక్క వంతు. బంట్రోతు వరండాలోకి పోయి మూడుసార్లు పేరు పిలిచి, లోపలికొచ్చి "సాక్షి లేరండీ" అన్నాడు. ఆమె అతనికి మూడు గజాల దూరంలో బెంచీ మీద కూర్చుని ఉంది. కూతురు మంచినీళ్ళకి పోయింది. ఆ పిల్ల సమయానికి పరిగెత్తుకు రాకపోతే సాక్షి గైర్హాజరు అని నేను కొట్టేసేదాన్నే.

కోపంగానే బోనెక్కింది. ప్రమాణం అయ్యాక జడ్జిగారు తల వంచి రాసుకుంటూ ఏదో అడిగారు. ఆమె పలకలేదు. మళ్ళీ అడిగారు. పలకలేదు. ఆయన చిరాగ్గా తలెత్తారు.

"ఏమ్మా, అడుగుతుంటే చెప్పవేం?"

"అయ్యా, తలొంచుకుని అడిగితే నాకు తెలీదు. మీ పెదాలు కనబడితేనే మీరు మాట్లాడినట్టు" అంది. గది గోడలు అదిరాయి. వెనక బెంచీల్లో నవ్వులు.

"అరవకు! ఇది కోర్టు."

"అరుస్తున్నానా? అది కూడా నాకు తెలీదయ్యా. చెవుల్లేవు. ఎంతకి తగ్గించాలో చేత్తో చూపించండి, తగ్గిస్తాను."

జడ్జిగారు నిజంగానే చెయ్యి కిందికి దించి చూపించారు. ఆమె కొంచెం తగ్గించింది. ప్రభుత్వ లాయరు అడగాల్సినవి అడిగాడు. తను చూసింది చూసినట్టు చెప్పింది. చివరి బెంచీలో పిన్ని కూతురు కూర్చుని ఉంది, ప్రతి వాయిదాకీ వచ్చి అక్కడే కూర్చునే మనిషి. "ఊపిరాడకపోతే చస్తారా" అన్న మాట దగ్గర ఆ అమ్మాయి తల గోడకి ఆనించుకుంది.

మేనేజరు తరఫు లాయరు లేచాడు. జుట్టు నెరిసిన పెద్దమనిషి, మాట మెత్తన. లేవగానే చేసిన పని, కిటికీ వైపు తిరగడం. బయట చెట్టు చూస్తున్నవాడిలా నిలబడి, ఆమెకి వీపు పెట్టి, "మీరు ఆ రోజు కళ్ళద్దాలు పెట్టుకున్నారా?" అని అడిగాడు.

మైకక్క అతని వీపు చూస్తూ నిలబడింది.

"చూడండి సార్, జవాబు లేదు" అన్నాడు ఆ వీపు.

జడ్జిగారు యథాలాపంగా నా వైపు తిరిగి, "సాక్షి మౌనంగా ఉన్నది" అన్నారు. నేను కొట్టాను. తప్పని తెలిసే కొట్టాను. అందరూ తనకేసి చూస్తున్నారని మైకక్కకి అప్పుడు అర్థమైంది. ముఖం జేవురించింది.

"ఏదో అడిగాడా? నన్నేనా? వీపుతో అడిగితే వీపుకి జవాబు చెప్పాలా నేను? ఇంత చదువు చదివింది ఇందుకా? మొహం చూపించి అడిగే ధైర్యం లేదా?"

ప్రభుత్వ లాయరు అప్పుడు నిద్రలేచి అభ్యంతరం చెప్పాడు. జడ్జిగారు లాయర్ని ఇటు తిరగమన్నారు. నేను కొట్టిన లైను తీసేయమన్నారు. కానీ దాని తర్వాత ఒకటి చేర్పించారు. "సాక్షి ఆవేశపరురాలు."

లాయరు ఇటు తిరిగాడు. ఇప్పుడు ప్రతి మాటా ఒత్తి ఒత్తి, చిన్నపిల్లకి చెప్పినట్టు.

"పోలీసులకి 'విన్నాను' అన్నారు. ఇక్కడ 'చూశాను' అంటున్నారు. ఏది నిజం?"

"విన్నానని నేనెందుకంటాను? నాకు వినబడదని ఆసుపత్రి గోడలకి కూడా తెలుసు. రాసినాయన తప్పు రాశాడు."

"సంతకం మీదేనా?"

"నాదే."

"చదివి వినిపించారని కూడా ఉంది."

"వినిపించాడు! చెవిటిదానికి వినిపించాడు. తల కాగితంలో పెట్టి వినిపించాడు. ఆ సంగతి అతన్ని పిలిచి అడగండి. అతని తప్పుకి నన్ను నిలబెట్టి కడుగుతారేంటి?"

"మీ చెవులు పోయింది మిల్లు వల్లేనని అర్జీ పెట్టుకుంటే, మా క్లయింటు అది వయసు వల్ల వచ్చిందని తోసిపుచ్చారు. అవునా?"

"అవును."

"అందుకు ఆయన మీద మీకు కోపం."

"ఉంది. చచ్చేంత కోపం ఉంది. అప్పుడూ ఉంది, పిన్ని పోయాక ఇంకా ఉంది. కోపం ఉంటే కళ్ళు పోతాయా? కోపం ఉన్నవాళ్ళు అబద్ధమే చెప్పాలని రూలేమైనా ఉందా? ఆ లెక్కన మీ క్లయింటు మీద కోపం లేనివాళ్ళనే సాక్ష్యానికి తెచ్చుకోండి, మా మిల్లులో ఒక్కరు దొరికితే నాకు చూపించండి."

మళ్ళీ నవ్వులు. జడ్జిగారు బల్ల మీద కొట్టారు. లాయరు కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. గట్టి ప్రశ్న వెనక దాచుకున్నప్పుడే నవ్వుతాడు.

"సరే. ఇప్పుడు నేను గొంతు లేకుండా రెండు మాటలంటాను. ఏ మాట ముందు అన్నానో, ఏది తర్వాత అన్నానో చెప్పండి. ఒకటి తాళం, రెండోది దారం."

పెదాలు కదిలాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి. నేనూ చూశాను. నాకైతే రెండుసార్లూ ఒకటే కనబడింది.

మైకక్క ఇంకా ఆ పెదాలకేసే చూస్తోంది. కూతురు కూర్చున్న చోట చున్నీ అంచు మెలిపెడుతోంది. ఏదో ఒకటి అనెయ్యమ్మా అని నేను లోపల అనుకున్నాను. రెండిట్లో ఒకటి తగులుతుంది కదా.

"తెలీదు. ఆ రెండూ పెదాల మీద ఒకేలా ఉంటాయి" అంది.

గదిలో గుసగుసలు. లాయరు చేతులు చాచి జడ్జిగారి వైపు తిరిగాడు. "నూలు మిల్లులో దారం మాట రోజుకి వెయ్యిసార్లు వస్తుంది సార్. నా క్లయింటు దేన్ని ఏమన్నాడో ఈమెకే తెలీదు. నేనింక అడగాల్సింది లేదు."

"నేను చెప్పాల్సింది ఉంది!" అంది మైకక్క. ఆ గొంతుకి వరండాలో కూర్చున్న వాళ్ళు కూడా లోపలికి తొంగిచూశారు.

"అడిగినదానికే జవాబు చెప్పాలి" అన్నాడు లాయరు.

"చెప్పనివ్వండి" అన్నారు జడ్జిగారు. ఈసారి ఆయన కలం కింద పెట్టి, ముఖం పూర్తిగా ఆమె వైపు తిప్పారు.

"అయ్యా, ఒక్క మాట ఊడబెరికి తెచ్చి నా ముందు పెడితే నాకే కాదు, మా షెడ్డులో ఎవ్వరికీ తెలీదు. ఎవరైనా తెలుసంటే వాళ్ళు కోతలు కోస్తున్నట్టు. కానీ ఆయన ఆ రోజు ఒక్క మాటే అనలేదు. వెనక తలుపుకి అన్నాడు. ఎవరడిగినా తియ్యకు అన్నాడు. తలుపుకి దారం వేస్తారా ఎవరైనా? దారం ముట్టని వాచ్‌మన్‌ని పిలిచి దారం సంగతి మాట్లాడతాడా? అంటూ చెయ్యి ఇలా తిప్పాడు." బోను కర్ర మీద కనబడని తాళంచెవి పెట్టి తిప్పి చూపించింది. "దారం ఇలా తిప్పుతారా? మిల్లులో పుట్టి పెరిగినవాడు కాకపోయినా ఈ లాయరుకి ఆ మాత్రం తెలీదా? తెలుసు. తెలిసే అడుగుతున్నాడు. అది నాకు మండుతోంది."

జడ్జిగారు ఆమె మాటలు నాకు మార్చి చెప్పలేదు. "ఆమె అన్నట్టే కొట్టండి" అన్నారు. పద్దెనిమిదేళ్ళలో ఆ ఆజ్ఞ నేను విన్నది చాలా తక్కువ. తర్వాత ఆయనే అడిగారు.

"ఆ మాటల్లో నీకు తెలియనిది ఏమైనా ఉందా అమ్మా?"

"ఉందయ్యా. మధ్యలో టీ కప్పు అడ్డమొచ్చింది. అప్పుడేమన్నాడో తెలీదు. వాచ్‌మన్ ఏం జవాబిచ్చాడో తెలీదు, అతని వీపు నా వైపుంది."

"అతను వద్దన్నాడా, సరే అన్నాడా?"

"మాట తెలీదు. తిరిగి మెట్లు దిగేటప్పుడు నవ్వుతున్నాడు."

ముద్దాయిల బల్ల దగ్గర వాచ్‌మన్ తలొంచుకున్నాడు. అతని భార్య గొల్లుమంది. అతని లాయరు ఫైలు మూసేశాడు. అప్పటిదాకా మైకక్క మాట మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు కూడా ఆమెకేసి గుర్రుగా చూశారు. బోను దిగి వస్తుంటే ఆ ఇల్లాలు ఎదురొచ్చి, "నీ కడుపు చల్లబడిందా?" అంది. మైకక్క ఆమె పెదాలు చూసి, "ఇంకా లేదు" అని చెప్పి బయటికి నడిచింది.

రెండు నెలలకి తీర్పు వచ్చింది. అదీ నేనే టైపు చేశాను. మేనేజరుకి రెండేళ్ళు, వాచ్‌మన్‌కి ఆరు నెలలు. అకౌంటెంటు గురించి జడ్జిగారు ఒక పేరా రాశారు. ఈ సాక్షిని ఏం అడిగినా జవాబుంది, రెండేళ్ళ కిందటి మాడిన బల్బుల సంఖ్యతో సహా. ఒక్క ప్రశ్నకైనా తెలియదు, గుర్తులేదు అనలేదు, మనిషి జ్ఞాపకం అలా ఉండదు అని. ఆ పేరా కొడుతుంటే నాకు సంబరంగా అనిపించింది. తర్వాతి పేరా మైకక్కది. "ఈమె చదువులేనిది, చెవిటిది, దురుసు స్వభావం గలది అయినప్పటికీ, తనకు ప్రతికూలమైన సంగతులను సైతం దాచనందున ఈమె సాక్ష్యం నమ్మదగినది." గొప్పగా మెచ్చుకున్నారనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత మైకక్క తీర్పు నకలు పట్టుకుని నా గది ముందు నిలబడింది. వెనక కూతురు, "అమ్మా, వద్దమ్మా" అంటూ చెయ్యి లాగుతోంది.

"ఇది కొట్టింది నువ్వేనా?"

"నేనే అక్కా. రాసింది మాత్రం జడ్జిగారు."

"ఈ 'అయినప్పటికీ' ఎందుకు?"

నాకు మొదట అర్థం కాలేదు. ఆమె ఆ లైను మీద వేలు పెట్టి నొక్కింది.

"నా సాక్ష్యం నమ్మారు, మంచిది. చెవిటిది అయినప్పటికీ ఏంటి? చెవిటిదాన్ని కాబట్టే పెదాలు చూడటం వచ్చింది. దురుసుట! మనిషిని పొగలో చంపేసి, బోనులో నన్ను ఆటపట్టిస్తుంటే ముసిముసి నవ్వులు నవ్వాలా? ఆ అకౌంటెంటు పేరా చదివించుకున్నాను. అతనికి 'అయినప్పటికీ' ఎక్కడా లేదేం? చదువుకున్నవాడు, మెత్తగా మాట్లాడేవాడు అయినప్పటికీ అబద్ధాలకోరు అని రాయొచ్చుగా? అతని మాట తప్పని తేలడానికి నూట ఇరవై బల్బులు కావాలి. నా మాట నిజమని తేలడానికి నా చెవులు, నా చదువు, నా నోరు అన్నీ తూకం వెయ్యాలి!"

ఆఫీసులో అందరూ పని ఆపి చూస్తున్నారు. తీర్పులో అక్షరం మార్చే అధికారం నాకు లేదని గొణిగాను. గొణిగితే ఆమెకి కనబడుతుందని మర్చిపోయాను.

"మార్చమని రాలేదు. నీక్కూడా తెలియాలని వచ్చాను" అంది.

ఆ రోజు ఇంటికెళ్ళాక నేను కొట్టిన కాగితాలే గుర్తొచ్చాయి. పద్దెనిమిదేళ్ళలో ఎంతమంది పక్కన నేను "సాక్షి తడబడెను", "సాక్షి కోపముగా పలికెను", "సాక్షి కంట తడి పెట్టలేదు" అని కొట్టానో! కొట్టింది చదివి కోర్టు ఎంతమందిని నమ్మలేదో! ఆ ఆదివారం అడ్రసు కనుక్కుని ఆమె ఇంటికి పోయాను. తిడుతుందనుకున్నాను. కుర్చీ వేసి, "నా ఎదురుగా కూర్చో, పక్కన కూర్చుంటే కనబడవు" అంది. అలా మొదలైంది మా స్నేహం.

మేనేజరు పై కోర్టుకి పోయాడు. బెయిలు మీద బయటే తిరిగాడు, ఊరవతల ఇంకో మిల్లులో చేరాడు కూడా. పై కోర్టులో సాక్షుల్ని పిలవరు, కాగితాలు చదివి తేలుస్తారు అని నేను చెప్పినప్పుడు మైకక్క మండిపడింది. "నా ముఖం చూడకుండా? చెయ్యి ఎలా తిప్పానో చూడకుండా?" అని. ఆమె అన్నట్టే కొట్టమన్న ఆ పేజీ ఉంది కదా అని సముదాయించాను. వాచ్‌మన్ ఆరు నెలలూ ఉండి వచ్చాడు. ఒకసారి బజారులో ఎదురుపడి, "నవ్విన మాట నిజమే, ఆయన నవ్వాడని నవ్వాను" అన్నాడట. "నవ్వు సంగతి సరే. మంట కనబడ్డాక ఆఫీసుకి పరిగెత్తావు, తలుపు దగ్గరికి పరిగెత్తలేదు. దానికేం చెబుతావు?" అందట ఈమె. బజారంతా విన్నది. అతను నిలబడలేక వెళ్ళిపోయాడు.

ఏడాదిన్నర తర్వాత పై కోర్టు కింది తీర్పే ఖాయం చేసింది. ఆ కబురు ముందుగా నాకు తెలిసింది కాబట్టి మధ్యాహ్నం సెలవు పెట్టి, తీర్పు కాగితం పట్టుకుని మైకక్క ఇంటికి పోయాను. ఆమె మిషను ముందు కూర్చుని ఏదో కుడుతోంది. ఎదురుగా నిలబడి, మెల్లగా, పెదాలు విప్పి చెప్పాను. మేనేజరు వారంలోపు లొంగిపోవాలి అన్నాను.

సంతోషిస్తుందనుకున్నాను. దారం కత్తిరించి, గుడ్డ పక్కన పెట్టి, "పిన్ని కూతురికి చెప్పారా?" అంది.

"కోర్టు నుంచి చెప్పరక్కా. ఆ అమ్మాయి పార్టీ కాదు కదా."

"పార్టీ కాదా? ప్రతి వాయిదాకీ వచ్చి ఆ చివరి బెంచీ అరగదీసింది ఎవరు? లాయర్లకి చెబుతారు, పోలీసులకి చెబుతారు, ఆ మేనేజరుగాడికి మర్యాదగా కాగితం పంపి మరీ చెబుతారు. తల్లిని పోగొట్టుకున్న పిల్లకి చెప్పేవాడే లేడా?"

చెప్పులు వేసుకుంటూనే ఉంది ఇవన్నీ అంటూ. నేను కూడా వస్తానంటే, "రా, ఆ కాగితంలో ఏముందో నువ్వే చదివి చెప్పు, నేను చెబితే కోపంలో ఏదో ఒకటి కలిపేస్తాను" అంది. తాళం కూడా పెట్టకుండా వీధిలోకి దిగింది. మూడు వీధుల దూరం. దారి పొడుగునా తిడుతూనే నడిచింది, నేను వెనక ఆయాసపడుతూ నడిచాను.